పబ్లిక్ ల్యాండ్‌లో విల్లుతో వైట్‌టెయిల్ జింక వేట: పెన్సిల్వేనియాలో మొదటి సీజన్ ఎలా చేయాలి

సెప్టెంబరు దగ్గరపడే కొద్దీ వచ్చే ప్రశ్నలు దాదాపు అవే. హెచ్1బీ మీద ఉన్నాం, జింక వేటకు వెళ్లొచ్చా? సొంత పొలం లేదు, తెలిసిన రైతూ లేడు, మరి ఎక్కడ వేటాడాలి? ఏ విల్లు కొనాలి? మొదటి రెండిటికీ రెండు ముక్కల్లో జవాబు చెప్పేయొచ్చు: వెళ్లొచ్చు, పబ్లిక్ ల్యాండ్‌లో, అంటే వేటకు అందరికీ తెరిచిన ప్రభుత్వ భూముల్లో. అందరూ నెలల తరబడి వీడియోలు చూసేది మూడోదాని కోసమే. నన్నడిగితే అన్నిటికన్నా తక్కువ తేడా తెచ్చేది అదే. గాలి ఎటు వీస్తోంది, మీరు ఏ దారిన లోపలికి వెళ్తున్నారు, ఎప్పుడు బాణం వదలకుండా ఆగుతున్నారు, వీటి మీదే సీజన్ నిలబడుతుంది.

నాకు బాగా తెలిసింది పెన్సిల్వేనియా కాబట్టి రూల్స్ ఆ రాష్ట్రానివే రాస్తున్నాను. ఒహాయో, న్యూజెర్సీ, మిషిగన్‌లో ఉన్నవాళ్లు పద్ధతి తీసుకోండి, రూల్స్ మాత్రం మీ రాష్ట్రం పుస్తకంలో చూసుకోండి. తేదీలు, ఫీజులు ఏటా కాస్తో కూస్తో మారుతుంటాయి. అందువల్ల పెన్సిల్వేనియా వాళ్లు కూడా వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థ గేమ్ కమిషన్ ఇచ్చే ఆ ఏడాది డైజెస్ట్, అంటే రూల్స్ పుస్తకం, ఫోన్‌లో పెట్టుకోవాలి. ఇండియాలో మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఈ సరదా పూర్తిగా మర్చిపోండి.

వీసా సంగతి

వేట లైసెన్స్‌కు పౌరసత్వం చూడరు, నివాసం చూస్తారు. రాష్ట్రంలో స్థిరంగా ఉంటున్నట్టు డ్రైవింగ్ లైసెన్స్ లాంటి రుజువు ఉంటే రెసిడెంట్ ధరకే ఇస్తారు. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా వాళ్ల దగ్గర తుపాకీ ఉండటంపై ఫెడరల్ చట్టంలో ఆంక్షలున్నాయి, వాటికి మినహాయింపులున్నాయి, అదంతా పెద్ద మెలిక. విల్లు ఆ చట్టం లెక్కలో ఫైర్‌ఆర్మ్ కాదు. ఆర్చరీతో మొదలుపెట్టడానికి ఇదొక మంచి కారణం. 1909లో ఇదే పెన్సిల్వేనియా, పౌరసత్వం రాని విదేశీయులు అడవి జంతువులను వేటాడకూడదని చట్టం చేసింది. 1914లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. ఆ రోజులు పోయాయి. అయినా రూల్ తప్పితే కేసు అవుతుంది, తర్వాత ఏదో ఒక ఇమ్మిగ్రేషన్ ఫారంలో దాని గురించి రాయాల్సి రావచ్చు. కింద ఎక్కడైనా రూల్ అని రాస్తే 'చూద్దాంలే' అనుకోకండి.

కావలసినవి

- హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్
- జనరల్ హంటింగ్ లైసెన్స్, దాని మీద ఆర్చరీ లైసెన్స్. రెసిడెంట్లకు మొదటిది సుమారు 21 డాలర్లు, రెండోది సుమారు 17
- యాంట్లర్‌లెస్ లైసెన్స్, అంటే కొమ్ముల్లేని జింకకు వేరే అనుమతి. సుమారు 7 డాలర్లు
- కాంపౌండ్ బో (చివర్లలో కప్పీలున్న విల్లు) లేదా క్రాస్‌బో (తుపాకీలా పట్టుకుని వదిలే అడ్డ విల్లు), ఒకే బరువున్న ఆరు బాణాలు, బ్రాడ్‌హెడ్లు (వేటకు వాడే బ్లేడ్ల మొనలు), కాంపౌండ్ అయితే రిలీజ్ (నారిని పట్టి వదిలే మీట)
- రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం)
- చెట్టెక్కే ఉద్దేశం ఉంటే ఒళ్లంతా పట్టే సేఫ్టీ హార్నెస్
- హెడ్‌ల్యాంప్, దానికి అదనపు బ్యాటరీలు, చిన్న కత్తి, గ్లవ్స్, 20 అడుగుల తాడు, ట్యాగ్ (లైసెన్స్‌తో వచ్చే, జింకకు కట్టే చీటీ) రాయడానికి పెన్ను
- ఆరెంజ్ జాకెట్, టోపీ
- సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా డౌన్‌లోడ్ చేసిన మ్యాప్
- గాలి చూడటానికి పౌడర్ సీసా

ఖరీదైన కామో బట్టలు ఈ జాబితాలో లేవు, గమనించారు కదా. చప్పుడు చేయని ముదురు రంగు ఉన్ని లేదా ఫ్లీస్ బట్టలు చాలు. నైలాన్ జాకెట్ మాత్రం వద్దు. చెయ్యెత్తితే వచ్చే ఆ చరచర 30 గజాల దూరంలో ఉన్న జింకకు స్పష్టంగా వినిపిస్తుంది.

1. వేసవిలోనే కాగితాల పని ముగించండి

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పెద్దవాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. వీలైతే నేరుగా క్లాసుకే వెళ్లమంటాను. పాఠం చెప్పేవాళ్లు స్థానిక వేటగాళ్లే. ఆ చుట్టుపక్కల అడవుల గురించి క్లాసయ్యాక అడిగితే చాలా చెప్తారు.

లైసెన్స్ ఏడాది జులై 1 నుంచి జూన్ 30 దాకా. జనరల్ లైసెన్స్‌తో ఒక కొమ్ముల జింక ట్యాగ్ వస్తుంది, ఏడాదికి ఒక్కటే. ఆడ జింక కావాలంటే యాంట్లర్‌లెస్ లైసెన్స్ విడిగా కొనాలి. దాన్ని వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ యూనిట్ల వారీగా, అంటే వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతాల వారీగా అమ్ముతారు, కొన్ని యూనిట్లలో త్వరగా అయిపోతాయి. 2022 వరకు దీనికోసం గులాబీ రంగు కవర్లు కౌంటీ ట్రెజరర్‌కు పోస్టు చేసేవాళ్లు. ఇప్పుడు లైసెన్సులు అమ్మే హంట్‌ఫిష్‌పీఏ వెబ్‌సైట్లో దొరుకుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు, ఇంటికి దగ్గరి యూనిట్‌కు లైసెన్స్ తీసుకుని వేరే యూనిట్‌లో ఉన్న అడవికి వెళ్లడం. ముందు స్థలం తేల్చుకోండి, ఆ తర్వాతే యూనిట్ ఎంచుకోండి. యాంట్లర్‌లెస్ ట్యాగ్ తప్పకుండా తీసుకోండి. కొమ్ముల జింక అయితే రాష్ట్రంలో చాలా చోట్ల ఒక పక్క కొమ్ముకు కనీసం మూడు మొనలు ఉండాలి. పశ్చిమాన కొన్ని యూనిట్లలో కంటి పైనుండే మొనను ఆ లెక్కలో కలపరు. మసక వెలుతురులో, గుండె దడదడలాడుతుంటే మొనలు లెక్కపెట్టడం అంత తేలిక్కాదు. మొదటి సీజన్‌కు ఆడ జింకే సరైన లక్ష్యం.

రాష్ట్రమంతటా ఆర్చరీ సీజన్ అక్టోబరు మొదట్లో మొదలై నవంబరు మధ్య దాటేదాకా నడుస్తుంది, మళ్లీ క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరిలోకి వెళ్తుంది. పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా చుట్టూ ఉన్న 2బీ, 5సీ, 5డీ యూనిట్లలో సెప్టెంబరులోనే తెరుస్తారు. మనవాళ్లు ఎక్కువగా ఉండేదీ ఆ చుట్టుపక్కలే. ఆదివారం వేట మీద ఎన్నో ఏళ్లుగా ఉన్న నిషేధం 2025లో పోయింది. ఏయే ఆదివారాల్లో వేటాడొచ్చో డైజెస్ట్‌లో ఉంటుంది.

2. విల్లును ఒంటికి సరిపెట్టండి

రెండు చేతులూ బారజాపి ఒక మధ్యవేలి చివర నుంచి మరో మధ్యవేలి చివర వరకు అంగుళాల్లో కొలవండి. దాన్ని 2.5తో భాగిస్తే డ్రా లెంగ్త్, అంటే మీరు నారిని వెనక్కి లాగే దూరం వస్తుంది. 67 అంగుళాలు వచ్చిందంటే సుమారు 27. షాపులో దీన్ని ఒక అరంగుళం అటూ ఇటూ సరిచేస్తారు. డ్రా లెంగ్త్ పెద్దదైన విల్లుతో ఎంత సాధన చేసినా బాణాలు చెల్లాచెదురవుతాయి. సెకండ్ హ్యాండ్ విల్లు కొనేవాళ్లు ఇది చూడకుండా కొని బాధపడతారు.

లాగే బరువు చట్టప్రకారం కనీసం 35 పౌండ్లు. 45 నుంచి 55 మధ్య అయితే మన పనికి చాలు. పరీక్ష సులువు: కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ నేల నుంచి కాస్త ఎత్తి, విల్లును నేరుగా లక్ష్యానికే పెట్టి లాగండి. ఆకాశం వైపు ఎత్తకుండా లాగలేకపోతే బరువు తగ్గించుకోవాలి. అక్టోబరులో చలికి మూడు గంటలు కదలకుండా కూర్చున్నాక కండరాలు షాపులో పనిచేసినట్టు పనిచేయవు.

క్రాస్‌బోకు ఆర్చరీ సీజన్‌లో అనుమతి ఉంది. సాధనకు రోజూ టైం దొరకనివాళ్లకు, భుజం నొప్పి ఉన్నవాళ్లకు అదే మేలు. నారి వెళ్లే దారిలోకి బొటనవేలు రానివ్వకండి, వస్తే వేలు తెగిపోతుంది. అలాగే కాంపౌండ్ అయినా క్రాస్‌బో అయినా బాణం లేకుండా వదలకూడదు. విల్లు ముక్కలై మొహానికి తగలొచ్చు.

అపార్ట్‌మెంట్ వెనక గడ్డి మీద సాధన వద్దు. ఊరి రూల్స్ ఒప్పుకోకపోవచ్చు, పక్కింటి వాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారు. ఆర్చరీ షాపుల్లో ఇండోర్ లేన్లు ఉంటాయి.

సాధన సరిపోయిందో లేదో ఇలా తేల్చుకోండి. రోజులో వేసే మొట్టమొదటి బాణమే లెక్క. ఒళ్లు వేడెక్కాక ఇరవయ్యో బాణం మధ్యలో పడితే దానికి విలువ లేదు, అడవిలో మీకు దొరికేది మొదటి బాణం మాత్రమే. ఆరంగుళాల వలయంలో మొదటి బాణం వరుసగా కొన్ని రోజులపాటు ఏ దూరం నుంచి పడుతోందో చూడండి, అదే మీ హద్దు. చాలామందికి అది 20 గజాలు, సిగ్గుపడాల్సిన పని లేదు. సీజన్‌కు రెండు వారాల ముందు బ్రాడ్‌హెడ్లు బిగించి అదే దూరం నుంచి వేయండి. మామూలు మొనలు పడ్డ చోటే ఇవీ పడాలి. పక్కకు పోతుంటే విల్లు మీది సైట్ (గురి చూసే పిన్ను) జరిపి సరిపెట్టకండి, షాపులో ట్యూన్ చేయించండి. పరీక్షకు వాడిన బ్లేడ్లు మార్చాకే వేటకు వెళ్లాలి. ముంజేతి వెంట్రుకలు గీయగలిగేంత పదును ఉండాలి.

3. స్థలం వెతకండి

రాష్ట్రంలో స్టేట్ గేమ్ ల్యాండ్స్, అంటే గేమ్ కమిషన్ చూసుకునే వేట భూములు, సుమారు 15 లక్షల ఎకరాలు, స్టేట్ ఫారెస్టులు ఇంకో 22 లక్షలు, వాయవ్యంలో అలెగెనీ నేషనల్ ఫారెస్ట్ 5 లక్షల పైచిలుకు. వేటకు తెరిచిన చోట్లలో ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పిట్స్‌బర్గ్ ఉత్తరాన ఉండేవాళ్లకు గేమ్ ల్యాండ్స్ 203, ఎక్స్‌టన్ వైపు వాళ్లకు 43, హారిస్‌బర్గ్ వాళ్లకు 40 వేల ఎకరాలు దాటే 211 అందుబాటులో ఉన్నాయి. ఊళ్లకు దగ్గరివి చిన్నవి, రద్దీ ఎక్కువ. అయినా మొదటి ఏడాది నాలుగు గంటలు డ్రైవ్ చేసి కొండల్లోకి పోవడం కన్నా, ఆఫీసు అయ్యాక వెళ్లగలిగే చిన్న అడవే నేర్చుకోవడానికి మంచిది.

ముందు మ్యాప్‌లో పని. ఎత్తు గీతలున్న మ్యాప్ తెరిచి పార్కింగులన్నీ గుర్తు పెట్టండి. జనం పార్కింగ్ నుంచి బాట పట్టుకుని తిన్నగా నడుస్తారు. ఆ బాటలకు దూరంగా, నడవటానికి చిరాకు పుట్టించే చోట్లు వెతకండి: వాగు దాటాల్సినవి, ఏటవాలు ఎక్కాల్సినవి, ముళ్లపొదలు అడ్డున్నవి. మైలు దూరం పోవాలన్న నియమం ఏమీ లేదు. కారు హారన్ వినిపించే దూరంలో, ఎవరూ పట్టించుకోని మూలలో జింకలు హాయిగా పడుకుంటాయి. ఇంకా రెండు గుట్టల మధ్య పల్లంగా ఉన్న కనుమలు, ఏటవాలు మధ్యలో మెట్టులా చదునుగా ఉన్న చోట్లు, పాత పొలం అడవిని కలిసే అంచులు గుర్తు పెట్టుకోండి.

తర్వాత ఆగస్టు, సెప్టెంబరుల్లో నడిచి చూడండి. అక్టోబరు మొదట్లో వెతకాల్సింది ఓక్ కాయలు. ఆకు అంచులు గుండ్రంగా ఉంటే వైట్ ఓక్, సూది మొనల్లా ఉంటే రెడ్ ఓక్. వైట్ ఓక్ కాయల్లో వగరు తక్కువ, అవి రాలుతున్నన్ని రోజులు జింకలు వాటినే ముందు తింటాయి. చెట్టు కింద కాయ చిప్పలు పగిలి, ఆకులు కదిపి, తడిగా మెరిసే పెంటికలు కనిపిస్తే ఆ చోటు వాడుకలో ఉన్నట్టే. పెంటికలు ఎండి తేలిపోయి ఉంటే పాత సంగతి. నవంబరు మొదటి రెండు వారాల్లో పరిస్థితి మారుతుంది. బక్‌లు, అంటే మగ జింకలు, తిండి మానేసి ఆడ జింకల వెంట పగలంతా తిరుగుతాయి, అప్పుడు కనుమలూ పొదల అంచులూ బాగా పనిచేస్తాయి.

రెండు రూల్స్. నివాసమున్న ఇంటికి 50 గజాల లోపు, అనుమతి లేకుండా విల్లుతో వేటాడకూడదు. అలాగే మొక్కజొన్న, ఉప్పు, ఆపిల్స్ లాంటి ఎర చల్లకూడదు. ఎవరో చల్లిన ఎర దగ్గర మీరు కూర్చున్నా తప్పు మీదే.

పక్షుల వేట జరిగే చోట్లను కూడా తెలుసుకోండి. గేమ్ కమిషన్ ఫెజెంట్లను వదిలే పొలాల్లో అక్టోబరు చివరి శనివారాల్లో కుక్కలతో జనం గుంపులుగా దిగుతారు. ఆ రోజుల్లో అక్కడ కూర్చుంటే టైం వేస్టు.

4. గాలిని లెక్కలోకి తీసుకోండి

జింక కళ్లను ఒకసారి మోసం చేయొచ్చు, చెవులు వింటే ఆగి చూస్తుంది, ముక్కుకు తెలిసిందంటే తోక ఎత్తి వెళ్లిపోతుంది, అంతే. సబ్బులు, స్ప్రేలు, ఓజోన్ డబ్బాల మీద డబ్బు పెట్టకండి. కూర్చునే చోటు గాలిని బట్టి మార్చుకోవడానికి డబ్బు ఖర్చు కాదు.

జింకలు ఏ వైపు నుంచి వస్తాయని అనుకుంటున్నారో, గాలి అటు నుంచి మీ వైపు రావాలి, లేదా అడ్డంగా వీయాలి. ఫోన్ యాప్‌లో 'పడమటి గాలి' అని ఉంటే అది మైదానం సంగతి. కొండల్లో ఇంకో గాలి ఉంటుంది. పొద్దున ఎండ తగిలి నేల వేడెక్కే కొద్దీ గాలి ఏటవాలు పైకి పాకుతుంది. సాయంత్రం చల్లబడగానే అదే గాలి నీళ్లలా పల్లానికి జారుతుంది. అందుకే సాయంత్రాలు జింకలు వచ్చే దారికి దిగువన కూర్చోండి, పొద్దెక్కాక వాటికన్నా ఎగువన. గాలి పడిపోయిన రోజుల్లో వాగు పక్కన పల్లంలో కూర్చోవద్దు, అక్కడ గాలి సుళ్లు తిరుగుతుంది.

పౌడర్ సీసా 5 అడుగుల దూరం వరకే చెప్తుంది. దానికన్నా మంచిది మిల్క్‌వీడ్ దూది. పొలాల అంచున పెరిగే ఈ మొక్క మన జిల్లేడుకు దగ్గరి చుట్టమే, కాయ పగిలితే అదే తెల్లటి దూది. సెప్టెంబరులో నాలుగు కాయలు కోసి డబ్బాలో దాచుకోండి. కూర్చున్నాక ఒక్క పోగు వదిలితే 40, 50 గజాలు తేలుతూ వెళ్తుంది, మీ వాసన వెళ్లే దారి అదే. పోగు వెళ్లి జింకల దారి మీదే వాలితే లేచి చోటు మార్చండి. ఇంతదూరం నడిచి వచ్చాం కదా, కానిద్దాం అని కూర్చోవడమే పబ్లిక్ ల్యాండ్‌లో నేను ఎక్కువగా చూసే తప్పు. ఆ ఒక్క సాయంత్రంతో పాటు ఆ చోటు కూడా కొన్ని రోజులు పాడవుతుంది.

లోపలికి నడిచే దారికీ ఇదే లెక్క. జింకలు పడుకునే పొద మీదుగా గాలి వీచేలా వెళ్తే మీరు కూర్చునేలోపే ఆట అయిపోతుంది. అరమైలు చుట్టు తిరగాల్సి వచ్చినా తిరగండి.

5. నేలా, చెట్టా?

మొదటి ఏడాది నేల మీదే కూర్చోమని నా సలహా. పడిపోయిన చెట్టు వేళ్ల ముందో, లావుపాటి మాను ముందో చిన్న మడత కుర్చీ వేసుకోండి. వెనక మాను మీ ఆకారాన్ని దాస్తుంది, ముందు మోకాలెత్తు కొమ్మలు పేర్చితే సరి. ఆ కొమ్మలు కింద రాలినవే కావాలి, గేమ్ ల్యాండ్స్‌లో పచ్చటి చెట్లు నరకకూడదు.

చెట్టెక్కేవాళ్లు నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేదాకా చెట్టుకు కట్టుకునే ఉండాలి. పైకెక్కాక హార్నెస్ తగిలిద్దాంలే అనుకునేవాళ్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పడతారు. ఇంటి పెరట్లో పగటిపూట మూడడుగుల ఎత్తులో ముందే సాధన చేయండి. విల్లు భుజాన వేసుకుని ఎక్కకండి, తాడుతో తర్వాత పైకి లాక్కోండి. హార్నెస్‌లో వేలాడుతూ ఉండిపోతే కాళ్లలో రక్తం ఆగిపోయి ప్రాణాల మీదకు వస్తుంది, అందుకే కాలు పెట్టుకునే చిన్న పట్టీ ఒకటి జేబులో ఉండాలి.

గేమ్ ల్యాండ్స్‌లో స్టాండ్ (చెట్టుకు బిగించి పైన కూర్చునే పీట) మీద మీ గుర్తింపు వివరాలు కనపడేలా ఉండాలి. మొదటి జింక సీజన్‌కు రెండు వారాల ముందు నుంచే పెట్టనిస్తారు. మేకులు, చెట్టులోకి స్క్రూలా బిగించే మెట్లు నిషేధం. పైగా స్టాండ్ పెట్టినంత మాత్రాన ఆ చెట్టు మీదైపోదు. పొద్దున వెళ్లేసరికి వేరేవాళ్లు దగ్గర్లో కూర్చుని ఉంటే గొడవ పడకండి, మెల్లగా తప్పుకోండి. ప్రతి పార్కింగ్‌కు రెండు మూడు చోట్లు ముందే అనుకుని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

6. వేట రోజు

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టబద్ధమైన సమయం. నిమిషాలతో సహా పట్టిక డైజెస్ట్‌లో ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఏ పార్కింగ్‌లో కారు పెట్టారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో మెసేజ్ పెట్టండి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆరెంజ్ వేసుకోండి. ఆర్చరీ సీజన్ నడుస్తుండగానే ఉడతల వేటగాళ్లు, అక్టోబరు మధ్యలో మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ) వాళ్లు అదే అడవిలో తుపాకులతో ఉంటారు.

కూర్చోగానే చుట్టూ ఉన్న నాలుగైదు చెట్ల దూరం రేంజ్‌ఫైండర్‌తో చూసి గుర్తుంచుకోండి. మీ హద్దు 20 గజాలైతే 20 గజాల వలయం కంటికి కట్టాలి. జింక వచ్చాక కొలిచే తీరిక ఉండదు. ఫోన్ జేబులోనే ఉంచండి, తల తిప్పితే మెల్లగా.

జింక కనిపించగానే విల్లు లాగేయకండి. దాని తల ఏదైనా మాను వెనక్కి వెళ్లినప్పుడు, లేదా మేతకు వంచి అటు చూస్తున్నప్పుడు లాగాలి. తల ఎత్తి మీ వైపే చూస్తుంటే కదలకండి. ఒక్కోసారి మేస్తున్నట్టు తల వంచి టక్కున ఎత్తుతుంది. దానికి మోసపోకండి.

7. ఏ బాణం వదలాలి, ఏది వదలకూడదు

జింక పూర్తిగా పక్కకు నిలబడినప్పుడు, లేదా కాస్త అటు తిరిగి మీ నుంచి దూరంగా చూస్తున్నప్పుడు మాత్రమే. పక్కకు నిలబడితే ముందు కాలి వెనక మడత పట్టుకుని ఒంటి ఎత్తులో మూడో వంతు పైకి చూడండి. అక్కడ రెండు ఊపిరితిత్తులూ ఉంటాయి. కాస్త అటు తిరిగి ఉంటే బాణం అవతలి ముందు కాలి వైపు బయటికి వచ్చేలా గురి పెట్టండి, అంటే ఇవతలి వైపు గురి కొంచెం వెనక్కి జరుగుతుంది.

ఎదురుగా నిలబడినా, మీ వైపు ఏటవాలుగా తిరిగినా, సరిగ్గా మీ చెట్టు కిందకు వచ్చినా వదలొద్దు. తలకు, మెడకు అసలే వద్దు. పరిగెత్తేదాని మీద వద్దు. మధ్యలో ఒక సన్నటి కొమ్మ ఉన్నా బాణం దారి తప్పుతుంది. పబ్లిక్ ల్యాండ్‌లో జింకలు ఎప్పుడూ అప్రమత్తంగానే ఉంటాయి. నారి చప్పుడుకు ఒళ్లు కిందకు వంచి దూకబోతాయి, 30 గజాల మీద బాణం చేరేసరికి వీపు మీదుగా పోతుంది. దగ్గరి హద్దు పెట్టుకోవడానికి ఇంకో కారణం ఇది.

8. బాణం వదిలాక

ఎక్కువ జింకలు పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే ఈ భాగం తొందరపడకుండా చదవండి.

ఉన్నచోటే ఉండండి. జింక ఎక్కడ నిలబడింది, చివరిసారి ఏ చెట్టు పక్కన కనిపించింది, ఈ రెండూ మనసులో కాదు, ఫోన్‌లో ఫోటో తీసి గుర్తు పెట్టండి. చెవి పెట్టి వినండి, కొమ్మలు విరిగిన చప్పుడు, పడిన చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో. అరగంట తర్వాత చప్పుడు లేకుండా వెళ్లి బాణం వెతకండి. అసలు సంగతి బాణమే చెప్తుంది.

- గులాబీ రంగు రక్తం, చిన్న చిన్న నురగ బుడగలు: ఊపిరితిత్తులు. ఇంకో అరగంట ఆగి వెళ్లండి, చాలావరకు వంద, నూటయాభై గజాల్లో ఉంటుంది.
- ముదురు ఎరుపు, నురగ లేదు: కాలేయం అయ్యుండొచ్చు. 4 నుంచి 6 గంటలు ఆగాలి.
- ఆకుపచ్చ లేదా గోధుమ రంగు జిగట, ముక్కు దగ్గర పెడితే పేడ వాసన: పొట్ట. వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి, 8 నుంచి 12 గంటలు.
- తెల్లటి వెంట్రుకలు, కాస్తే రక్తం: బాణం బాగా కిందికి, పొట్ట అంచున తగిలి ఉండొచ్చు. అయినా వెతకడం మానకూడదు.

పొట్టలో తగిలిన జింక దగ్గర్లోనే పడుకుంటుంది. కదిలించకపోతే అక్కడే చనిపోతుంది, వెంటపడితే మైలు దూరం పోతుంది, రక్తం చుక్క కూడా దొరకదు. మాంసం పాడవుతుందేమో అన్న భయంతో తొందరపడితే జింకే దొరకదు.

వెతికేటప్పుడు రక్తపు మరక మీద కాలు పెట్టకుండా పక్కగా నడవండి. చివరి మరక దగ్గర టాయిలెట్ పేపర్ ముక్క పెట్టి, తర్వాతది దొరికాకే ముందుకు కదలండి. వెనక్కి తిరిగి చూస్తే ఆ ముక్కలన్నీ ఒక గీతలా కనిపిస్తాయి, జింక పోయే దిశ తెలుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఏరేయండి. జాడ పూర్తిగా పోతే తాడుతో కట్టిన ట్రాకింగ్ కుక్కను పిలిపించుకోవచ్చు, పెన్సిల్వేనియాలో చట్టబద్ధమే. జాడ ప్రైవేటు భూమిలోకి పోతే యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

9. ట్యాగ్, శుభ్రం చేయడం

జింక దగ్గరకు వెనక వైపు నుంచి వెళ్లి, పొడవాటి కర్రతో కంటిని తాకండి. రెప్ప కదలకపోతే అయిపోయినట్టు. అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా జరపకముందే ట్యాగ్ పెన్నుతో నింపి చెవికి కట్టాలి. కారు దగ్గరకెళ్లాక రాద్దాం అంటే వార్డెన్ ఊరుకోడు.

తర్వాత గ్లవ్స్ వేసుకుని పొట్ట తెరవాలి. చిన్న కోత పెట్టి రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, వాటి మధ్య కత్తి పదును పైకి పెట్టి చర్మం మాత్రమే కోయండి. కత్తి మొన లోపలికి దిగితే పేగు తెగుతుంది, మూత్రాశయం పగిలితే మాంసానికి వాసన పడుతుంది. ఛాతీకీ పొట్టకూ మధ్య పొరను చుట్టూ కోసి, చెయ్యి పైకి పోనిచ్చి గొంతు గొట్టం తెంపితే అన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. జింకను పక్కకు దొర్లించి రక్తం కారనివ్వండి. వీడియో ఒకటి ముందే చూసి ఉంటే 20 నిమిషాల పని.

అక్టోబరులో మధ్యాహ్నం 65, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, ఆ వేడికి మాంసం నిలవదు. వీలైనంత త్వరగా 40 డిగ్రీల లోపు చేర్చాలి. రెండు ఐసు మూటలు కారులో ఎప్పుడూ ఉంచండి, ఛాతీ లోపల పెట్టడానికి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో వేలాడదీసే ఆలోచన చేయకండి. డీర్ ప్రాసెసర్ల (జింకను కోసి మాంసం ప్యాక్ చేసి ఇచ్చేవాళ్ల) నంబర్లు సీజన్‌కు ముందే దాచుకుని, రాత్రి ఎన్నింటిదాకా తీసుకుంటారో కనుక్కోండి.

ఇంటికి రాగానే బట్టలన్నీ నేరుగా డ్రయర్‌లో వేసి, తల, చంకలు, మోకాళ్ల వెనక పిడుదుల కోసం చూసుకోండి. పెన్సిల్వేనియాలో పిడుదుల వల్ల వచ్చే లైమ్ వ్యాధి బాగా ఎక్కువ. వెళ్లే ముందు బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది.

10. రిపోర్టు, పరీక్ష, వంట

10 రోజుల్లోపు హంట్‌ఫిష్‌పీఏలో రిపోర్టు చేయాలి. 2012 నుంచి ఈ రాష్ట్రంలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, జింకలను చంపే మెదడు వ్యాధి ఉంది. మీరు వేటాడిన చోటు దాని నియంత్రణ ప్రాంతంలో ఉంటే తల, వెన్నెముక బయటికి తీసుకెళ్లడంపై ఆంక్షలుంటాయి. అక్కడ పెట్టిన పెట్టెల్లో తల వేస్తే ఉచితంగా పరీక్ష చేస్తారు. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచండి, పాజిటివ్ వస్తే తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. ప్యాకెట్ల మీద తేదీ, ట్యాగ్ నంబరు రాస్తే రెండు జింకల మాంసం కలిసిపోదు.

మాంసం అమ్మకూడదు, స్నేహితులకు ఊరికే ఇవ్వచ్చు. ఎక్కువైతే హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్ అనే సేవా సంస్థ ద్వారా ఫుడ్ బ్యాంకులకు చేరుతుంది.

వండేటప్పుడు జింక కొవ్వంతా, పైన మెరిసే తెల్ల పొరంతా తీసేయండి. ఆ కొవ్వు చల్లారితే నోట్లో మైనంలా అంటుకుంటుంది. మెడ, భుజం ముక్కలను మటన్ కూరలాగే మసాలా పట్టించి కుక్కర్‌లో పెట్టండి, విజిల్స్ కాస్త ఎక్కువ కావాలి. నూనె కూడా మామూలు కన్నా ఓ గరిటె ఎక్కువే, లోపల కొవ్వు ఉండదు కాబట్టి. వీపు పక్కనుండే పొడవాటి మెత్తటి కండను మాత్రం కుక్కర్‌లో వేయకండి, గట్టిపడి రబ్బరులా అవుతుంది. ముక్కలు కోసి మిరియాలు, ఉప్పు, వెల్లుల్లితో పెనం మీద వేపుడు చేస్తే చాలు.

యాంట్లర్‌లెస్ ట్యాగ్ ఇంకా మిగిలుంటే బ్లేడ్లు మార్చి, బాణాలు పగుళ్లున్నాయేమో వంచి చూసి పక్కన పెట్టండి. క్రిస్మస్ తర్వాత సీజన్‌లో అడవిలో జనం తగ్గుతారు. మంచు పడితే జాడలూ తేలిగ్గా కనిపిస్తాయి.